వెంటిలేటర్ పక్కన నిలబడేది ఎవరు?



పోయిన నెలలో ఒక సాయంత్రం మా వీధి చివర ఉండే ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. అమ్మాయి ఇంటర్మీడియట్ బైపీసీ మంచి మార్కులతో పూర్తిచేసింది. నీట్ రాసింది గాని ఎంబీబీఎస్ సీటు తెచ్చే ర్యాంకు రాలేదు. "డాక్టరు గారూ, బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ అని ఒక కోర్సు ఉందట. కాలేజీవాళ్లు రోజూ ఫోను చేస్తున్నారు. ఇది కాంపౌండరు చదువో, నర్సు చదువో, మెకానిక్కు చదువో నాకు బోధపడడం లేదు. మీరు చేర్చమంటే చేరుస్తాను, వద్దంటే మానేస్తాను" అన్నారాయన. అంతవరకు మౌనంగా కూర్చున్న అమ్మాయి తల ఎత్తి, "తాతగారూ, వెంటిలేటర్ మీద పెట్టారంటే ఇక ఆ మనిషి బతకడని అందరూ అంటారు కదండీ! చనిపోయేవాళ్ల పక్కన నిలబడే పనికి నాలుగేళ్లు చదవడం ఎందుకు?" అని అడిగింది.

తండ్రి అడిగినదానికి ఐదు నిమిషాల్లో జవాబు చెప్పగలిగాను. కుమార్తె అడిగినది మాత్రం నన్ను చాలా రోజులు వదలలేదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఆ పని చేసేవారు లేక ఏం జరిగిందో కళ్లారా చూసిన అనుభవం ఉంది. అందుకే ఈ వ్యాసం. ఈ చదువును ఎంచుకోదలచిన పిల్లలూ, వారి తల్లిదండ్రులూ, ఏనాడో ఒకనాడు తమవారి కోసం ఐసీయూ తలుపు ముందు కూర్చోవలసివచ్చే మనమందరమూ తెలుసుకోవలసిన సంగతులివి.

వెంటిలేటర్ అంటే మృత్యువు కాదు

ముందుగా ఆ అమ్మాయి మనసులోని అపోహను తీరుద్దాం. మనం పీలుస్తున్నామన్న స్పృహ కూడా లేకుండానే ఊపిరి పీలుస్తుంటాం. నిమిషానికి 15 చొప్పున లెక్కిస్తే రోజుకు 21,600 శ్వాసలు. మన యోగశాస్త్ర గ్రంథాలు చెప్పే సంఖ్య కూడా ఇదే. విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవారికి ఒక్కో శ్వాసలో సుమారు అర లీటరు గాలి లోపలికి వెళ్లి బయటికి వస్తుంది. ప్రాణవాయువును రక్తానికి అందించడం శ్వాస చేసే మొదటి పని. రక్తంలోని బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడం రెండవ పని. ఊపిరి పూర్తిగా ఆగితే మెదడుకు మిగిలే గడువు కొన్ని నిమిషాలే.

వెంటిలేటర్ ఏ జబ్బునూ నయం చేయదు. న్యుమోనియాను తగ్గించేది యాంటీబయాటిక్. పాము విషాన్ని విరిచేది విరుగుడు మందు. ఆ మందులు తమ పని ముగించేవరకు రోగి ఊపిరి ఆగిపోకుండా ఊతమివ్వడమే ఈ యంత్రం పని. నాగుపాము గాని, కట్లపాము గాని కరిచినప్పుడు కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోవచ్చు. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, వాటిని కదిలించే కండరాలే పనిచేయవు. అటువంటి రోగికి సకాలంలో వెంటిలేటర్ అందితే, కొద్ది రోజులకు తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి వెళ్లగలడు. అలా వెళ్లినవారిని నేను చూశాను. వెంటిలేటర్ మీద కొందరు మరణించడం నిజమే. మిగిలిన దారులన్నీ మూసుకుపోయినవారికే దానిని పెడతారు కనుక ఆ మరణాలు ఎక్కువగా కనబడతాయి. ఆ మరణాలకు సాధారణంగా కారణం జబ్బే. అయితే కొన్నిసార్లు యంత్రాన్ని నడిపించడంలో జరిగే లోపం కూడా కారణమవుతుంది. ఆ లోపాన్ని నివారించేవారే రెస్పిరేటరీ థెరపిస్టులు. తెలుగులో శ్వాస చికిత్సకులు అనుకుందాం.

తెల్లవారుజామున జరిగిన సంగతి

1987లో పత్తికి తెల్లదోమ పట్టి రైతులు కుదేలైన సంగతి నా వయసువారికి గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో నేను పత్తి పండే ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పంటకు కొట్టవలసిన పురుగుమందు తాగి వచ్చేవారు లేని వారం ఉండేది కాదు. ఒక రాత్రి ముప్పై ఏళ్లు కూడా నిండని రైతును ఎడ్లబండి మీద తీసుకువచ్చారు. కడుపు కడిగాం. అట్రోపిన్ ఇచ్చాం. మర్నాటికి తేరుకున్నాడు, తల్లితో మాట్లాడాడు కూడా. రెండో రోజు సాయంత్రానికి మెడ నిలపలేకపోయాడు. క్రమంగా ఊపిరి బలహీనపడింది. ఆర్గానోఫాస్ఫరస్ విషాలలో ఒకటి రెండు రోజుల తరువాత ఇలా శ్వాసకండరాలు చచ్చుబడటం జరుగుతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. ఓపికగా ఊపిరి అందిస్తే ఒకటి రెండు వారాల్లో ఆ కండరాలు మళ్లీ కోలుకుంటాయి.

మా దగ్గర వెంటిలేటర్ లేదు. వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రి కొన్ని గంటల ప్రయాణం, దారిలో ఊపిరి నిలబడుతుందన్న నమ్మకం లేదు. శ్వాసనాళంలో గొట్టం వేసి, అంబు బ్యాగు తగిలించి, చేత్తో నొక్కడం మొదలుపెట్టాం. వార్డులో నలభై మంది రోగులకు ఒక నర్సు, నేను. కాసేపటికి ఆ బ్యాగును రోగి తమ్ముడి చేతికి ఇచ్చాం. ఎలా నొక్కాలో చూపించాం. "నీ ఊపిరితో పాటు నొక్కు నాయనా, నువ్వు పీల్చినప్పుడల్లా అన్నకూ పీల్పించు" అన్నాను. అతడు ఆ రాత్రంతా, మరుసటి పగలంతా నొక్కాడు. బంధువులు మధ్యమధ్య అందుకున్నారు. రెండో రాత్రి తెల్లవారుజామున అతడు కూర్చున్నచోటనే నిద్రపోయాడు. ఎంతసేపు నిద్రపోయాడో అతడికీ తెలియదు. నేను వచ్చి చూసేసరికి అంతా ముగిసిపోయింది.

"నేనే చంపేశాను సార్" అని అతడు నా కాళ్ల మీద పడ్డాడు. నీ తప్పేమీ లేదని చెప్పాను. అది అబద్ధం కాదు. ముప్పై గంటల పాటు నిద్రాహారాలు లేని ఒక పల్లెటూరి యువకుడి చేతిలో మరొకరి ఊపిరిని పెట్టిన ఏర్పాటుది ఆ తప్పు. ఆ ఏర్పాటులో నేనూ ఒక భాగాన్నే. ఆ తరువాత చాలామంది రోగులు బతికారు, కొందరు పోయారు. కాని ఊపిరి అనే మాట వినగానే నాకు గుర్తుకువచ్చేది ఆ తమ్ముడి చేతులే.

ఈ వృత్తి ఎలా పుట్టింది

మా వార్డులో మేము చేసినది సరిగ్గా అంతకు 35 ఏళ్ల ముందు మరొక దేశంలో జరిగింది. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో మహమ్మారి విజృంభించింది. శ్వాసకండరాలు చచ్చుబడిన రోగులు బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వెల్లువలా వచ్చారు. అక్కడ ఉన్న శ్వాసయంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. మొదట్లో వచ్చిన అటువంటి రోగులలో అత్యధికులు మరణించారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు, గొంతు దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచితో చేత్తో ఊపిరి అందించవచ్చని ఒక పన్నెండేళ్ల బాలిక విషయంలో చేసి చూపించారు. ఆ బాలిక బతికింది. ఆ పద్ధతిని అందరికీ అనుసరించడానికి యంత్రాలు లేవు కనుక మనుషులను పిలిచారు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా, పగలూ రాత్రీ, నెలల తరబడి రోగుల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఇవాళ మనం ఐసీయూ అని పిలిచే విభాగానికి అదే నాంది అని వైద్య చరిత్రకారులు చెబుతారు.

మాకూ వారికీ ఉన్న తేడాను గమనించండి. వారి చేతిలోనూ రబ్బరు సంచే, మా చేతిలోనూ రబ్బరు సంచే. వారు శిక్షణ ఉన్నవారిని పిలిచి, వంతులు వేసి, అలసినవారి స్థానంలో మరొకరిని నిలిపారు. మేము తమ్ముడి చేతికి ఇచ్చి ఊరుకున్నాం.

అమెరికాలో అంతకు ముందే, 1940లలో, ఆసుపత్రులలో ఆక్సిజన్ సిలిండర్లు చూసుకునే సిబ్బంది క్రమంగా ఒక వృత్తిగా సంఘటితమయ్యారు. 1947లో షికాగోలో వారి సంఘం ఏర్పడింది. సిలిండర్లు మోయడంతో మొదలైన ఆ పని నేడు అక్కడ కళాశాల చదువు, పరీక్ష, లైసెన్సు ఉన్న వృత్తి. మన దేశంలో మణిపాల్, వెల్లూరు వంటి చోట్ల ఈ చదువు చాలా ఏళ్లుగా ఉంది. మన తెలుగు రాష్ట్రాలలో సామాన్య కుటుంబాల చెవిన పడుతున్నది మాత్రం కరోనా తరువాతే.

మీటలు నొక్కే పని కాదు

యంత్రం అన్నీ తానే చేసుకుంటుంది గదా, మీట నొక్కడానికి పట్టా ఎందుకు అని మీరు అడగవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. 150 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు ఉన్న ఒక గృహిణికి తీవ్రమైన న్యుమోనియా వచ్చి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ఆమెకు ఒక్కో శ్వాసలో ఎంత గాలి పంపాలి? బరువును చూసి, కిలోకు 10 మిల్లీలీటర్ల చొప్పున 800 మిల్లీలీటర్లు పంపితే ఏమవుతుంది? మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెరగవు. వాటి పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది. ఆమె ఎత్తుకు లెక్కించవలసిన బరువు సుమారు 43 కిలోలు. కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున ఆమెకు కావలసినది సుమారు 260 మిల్లీలీటర్లు. తెలియనివాడు దానికి మూడింతల గాలిని నిమిషానికి పదిహేను ఇరవై సార్లు బలవంతంగా పంపిస్తాడు. అప్పటికే పాడైన ఊపిరితిత్తులు బుడగలా సాగి చిరుగుతాయి. యంత్రం మాత్రం అడిగినది అడిగినట్టు చేస్తుంది.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. 1990లలో నేను పనిచేసిన మరొక ఆసుపత్రికి వెంటిలేటర్ వచ్చింది. పుస్తకం ముందు పెట్టుకొని నేనే నడిపించాను. కిలోకు 10 నుంచి 12 మిల్లీలీటర్లు ఇవ్వడం అప్పటి ఆచారం. 2000 సంవత్సరంలో అమెరికాలో 861 మంది రోగుల మీద జరిగిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో నూటికి దాదాపు 40 మంది మరణించగా, 6 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 31 మంది మరణించారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, అంకెను తగ్గించడం వలననే నూటికి తొమ్మిది ప్రాణాలు నిలిచాయి. ఆ వ్యాసం చదివిన రోజు, నేను పాత పద్ధతిలో గాలి పంపిన రోగుల ముఖాలు గుర్తుచేసుకుంటూ రాత్రంతా మేలుకొని ఉన్నాను. ఒకే డాక్టరు జ్వరాలూ, గుండెపోట్లూ, పాముకాట్లూ, శవపరీక్షలూ చూస్తూ శ్వాసశాస్త్రంలోని ప్రతి మార్పునూ అందుకోలేడు. అందుకే దానికొక మనిషి కావాలి.

ఆ మనిషి చేసే పని ఇంతటితో ఆగదు. ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే మంచిదేనని మనం అనుకుంటాం. ఏళ్ల తరబడి బీడీలు కాల్చి గాని, కట్టెల పొయ్యి పొగ పీల్చి గాని సీవోపీడీ తెచ్చుకున్నవారికి ఆక్సిజన్ శాతం 88 నుంచి 92 మధ్య ఉండేలా చూస్తే చాలు. అంతకు మించి గుమ్మరిస్తే కొందరిలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని మగతలోకి జారిపోతారు. నెలలు నిండకుండా పుట్టిన పసికందుకు ఆక్సిజన్ మితిమీరితే కంటి రెటీనా దెబ్బతిని చూపు పోవచ్చు. గొంతులోని గొట్టం చుట్టూ ఉండే చిన్న బుడగలో పీడనం తక్కువైతే నోటిలోని ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. ఎక్కువైతే శ్వాసనాళం గోడ పుండు పడుతుంది. దానిని కొలిచి సరిచేయాలి. తలగడ వైపు మంచాన్ని 30 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. కఫం తీయాలి. ధమని రక్తపరీక్ష చూసి, డాక్టరుతో మాట్లాడి అంకెలు మార్చాలి.

అన్నిటికంటే నేర్పు కావలసిన పని వెంటిలేటర్‌ను మాన్పించడం. పసిబిడ్డకు పాలు మాన్పించినట్టే ఇదీ. తొందరపడితే రోగి అలసిపోయి మళ్లీ గొట్టం వేయవలసివస్తుంది. ఆలస్యం చేస్తే కండరాలు బలహీనపడతాయి, ఇన్ఫెక్షన్ వస్తుంది, బిల్లు పెరుగుతుంది. రోజూ ఉదయం రోగిని పరీక్షించి, సిద్ధంగా ఉన్నాడనుకుంటే అరగంట నుంచి రెండు గంటల వరకు సొంతంగా ఊపిరి తీసుకోనిచ్చి, పక్కనే నిలబడి గమనించాలి. ఆ పక్కన నిలబడే ఓపిక, చదువు రెండూ ఉన్నవారు లేక ఎందరు రోగులు ఒకటి రెండు రోజులు అదనంగా యంత్రం మీద ఉండిపోతున్నారో ఆలోచించండి.

ఐసీయూ బయట కూడా ఈ వృత్తికి పని ఉంది. ఉబ్బసం ఉన్నవారిలో చాలామంది ఇన్‌హేలర్ వాడుతూనే ఉంటారు గాని, మందు నాలుక మీదనే పడిపోతుంది. సరిగ్గా ఎలా పీల్చాలో పది నిమిషాలు కూర్చుని నేర్పేవారు లేరు. ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలు, ఇంటి వద్ద ఆక్సిజన్ వాడేవారికి సలహాలు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు వాడే సీప్యాప్ యంత్రం అమర్చడం, శ్వాస వ్యాయామాలు, ఇవన్నీ వారి పనులే.

చదువు ఎలా ఉంటుంది

ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారు ఈ డిగ్రీలో చేరవచ్చు. మన దేశంలో సాధారణంగా మూడేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం నాలుగేళ్లు. శరీర నిర్మాణం, శరీరధర్మాలు, సూక్ష్మజీవులు, మందులు, వాయువుల భౌతికశాస్త్రం మొదట వస్తాయి. తరువాత శ్వాసకోశ వ్యాధులు, యంత్రాలు, పెద్దల ఐసీయూ, పసిపిల్లల ఐసీయూ. ఇంటర్‌లో బాయిల్ సూత్రాన్ని మార్కుల కోసం బట్టీపట్టిన పిల్లలకు అది ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. చిన్న బి-టైపు సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు వాడే రోగిని అంబులెన్సులో మూడు గంటల దూరం తీసుకువెళ్లాలంటే ఆ ఒక్క సిలిండర్ చాలుతుందా? చాలదు, రెండున్నర గంటలకే అయిపోతుంది. ఈ లెక్క బయలుదేరే ముందు వేసుకోనివారి వల్ల దారిలో ప్రాణాలు పోతాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ చదువు విలువంతా రోగి మంచం పక్కన గడిపిన గంటలలో ఉంది. తరగతి గదిలో నల్లబల్ల మీద వెంటిలేటర్ బొమ్మ గీసి ఇచ్చే పట్టా, ఈత పుస్తకం చదివి ఏట్లోకి దిగడం వంటిది. మునిగేది మాత్రం చదివినవాడు కాదు, రోగి. అందువలన కాలేజీ భవనాన్నీ, ఏసీ గదులనూ, ఫోనులో చెప్పే మాటలనూ చూసి చేరవద్దు. తండ్రిగారికి నేను చెప్పిన ప్రశ్నలు మీకూ చెబుతున్నాను.

ఒకటి, కాలేజీకి సొంత ఆసుపత్రి ఉన్నదా? ఉంటే ఐసీయూలో ఎన్ని పడకలు, అందులో సగటున ఎందరు రోగులు వెంటిలేటర్ మీద ఉంటున్నారు? రెండు, నవజాత శిశువుల ఐసీయూలో విద్యార్థులను పనిచేయనిస్తారా? మూడు, బోధించేవారిలో శ్వాస చికిత్సలోనే పట్టా పొంది, ఇప్పటికీ రోగుల దగ్గర పనిచేస్తున్నవారు ఎందరు? నాలుగు, ఇంటర్న్‌షిప్ ఏడాదిలో నిజంగా నేర్పుతారా, లేక జీతం లేని పనివారిగా వాడుకుంటారా? చివరి ఏడాది విద్యార్థులతో కాలేజీవారు లేని చోట మాట్లాడండి. ఐదు, కోర్సుకు విశ్వవిద్యాలయ గుర్తింపు ఉన్నదా? ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. కాలేజీ చూపించే కాగితాన్ని నమ్మి ఊరుకోకుండా విశ్వవిద్యాలయాన్నే అడిగి నిర్ధారించుకోండి.

2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. యాభైకి పైగా వృత్తులను గుర్తించిన ఆ చట్టంలో రెస్పిరేటరీ టెక్నాలజిస్టులు కూడా ఉన్నారు. ఈ వృత్తులకు అర్హత రావాలంటే ఒక వర్గంలో రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటలు, మరొక వర్గంలో మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటలు చదవాలని ఆ చట్టం చెబుతుంది. ఆరు నెలల్లో వెంటిలేటర్ టెక్నీషియన్ సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటన ఎక్కడైనా కనబడితే ఈ అంకెలను గుర్తుచేసుకోండి. రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదు గురించి కూడా చేరకముందే అడగండి.

విదేశాల ఆశ చూపించేవారూ ఉన్నారు. ఇక్కడి పట్టాతో నేరుగా అమెరికాలో శ్వాస చికిత్సకులుగా చేరవచ్చని ఏజెంట్లు చెబితే నమ్మవద్దు. అక్కడ ఆ దేశపు సంస్థ గుర్తించిన కార్యక్రమంలో చదివి, వారి పరీక్ష నెగ్గి, దాదాపు అన్ని రాష్ట్రాలలోనూ లైసెన్సు పొందాలి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు మాత్రం ఇది ఆలోచించదగిన చదువే.

అభ్యంతరాలు, వాటికి నా జవాబు

"ఈ పనులన్నీ నర్సులు చేయలేరా?" అని కొందరు వైద్య మిత్రులే అడుగుతారు. ఎన్నో ఏళ్లుగా వారే చేస్తున్నారు, వారికి చేతులెత్తి నమస్కరిస్తాను. కాని మందులు, సెలైన్లు, పక్కమార్చడం, శుభ్రపరచడం, రికార్డులు, బంధువులకు సమాధానాలు, ఇవన్నీ భుజాన వేసుకున్న నర్సుమ్మకు వెంటిలేటర్ తెర మీది గీతలను గంటగంటకూ చదివే తీరిక ఎక్కడిది? వచ్చేవారు ఆమె స్థానాన్ని లాక్కోరు, ఆమె బరువులో ఒక భాగాన్ని మోస్తారు.

"ఉద్యోగాలు ఉన్నాయా, జీతం ఎంత?" ఇది తండ్రి అడగవలసిన ప్రశ్నే. దాచకుండా చెబుతాను. పెద్ద నగరాల ప్రైవేటు ఆసుపత్రులలో ఉద్యోగాలు ఉన్నాయి, ఆరంభ జీతం మీరు ఆశించినంత ఉండకపోవచ్చు. రాత్రి డ్యూటీలు తప్పవు. క్షయ రోగుల దగ్గర, అంటుజ్వరాల దగ్గర మాస్కు ధరించి జాగ్రత్తగా మెలగాలి. కఫాన్ని చూసి ముఖం తిప్పుకునేవారికి ఈ వృత్తి కుదరదు. నీట్‌లో ర్యాంకు రాలేదు కనుక ఏదో ఒక తెల్లకోటు వేసుకుంటే చాలుననుకునేవారు దయచేసి ఈ సీటు వదిలేయండి. అది కావాలనుకునేవారు ఉంటారు.

ఇక అసలు లోటు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉంది. 2020లో పీఎం కేర్స్ నిధి నుంచి 50,000 వెంటిలేటర్ల కోసం 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ యంత్రాలు దేశమంతటా వెళ్లాయి. వాటిలో కొన్ని నడిపేవారు లేక గదుల మూలల్లో ఉండిపోయాయని అప్పట్లో పత్రికలు రాశాయి. యంత్రం కొన్నప్పుడు ఫొటో తీయించుకోవచ్చు, మనిషిని నియమించినప్పుడు ఫొటో ఉండదు. పైగా యంత్రం ఖర్చు ఒకసారితో పోతుంది, జీతం నెలనెలా ఇవ్వాలి. కాని గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు ఎంతకాలం సాగిస్తాం? జిల్లా ఆసుపత్రి ఐసీయూలో మూడు షిఫ్టులలోనూ ఒక్కొక్క శ్వాస చికిత్సకుడు తప్పక ఉండేలా శాశ్వత పోస్టులు మంజూరు చేయాలన్నది నా విన్నపం. ఒక పక్క ఈ కోర్సులో సీట్లు పెంచుతూ, మరొక పక్క పోస్టులు సృష్టించకపోతే, చదివిన పిల్లలు నగరాలకో, వేరే ఉద్యోగాలకో వెళ్లిపోతారు. పల్లె రోగి పక్కన మళ్లీ తమ్ముడే మిగులుతాడు.

మిత్రులారా, మీరు చేయగలిగినది కూడా ఉంది. మీవారు ఐసీయూలో ఉన్నప్పుడు, "వెంటిలేటర్ ఉందా?" అని మాత్రమే కాకుండా, "రాత్రిపూట దానిని ఎవరు చూసుకుంటారు? వారికి ఏ శిక్షణ ఉంది? ఈ రోజు సొంతంగా ఊపిరి తీసుకునే పరీక్ష చేశారా?" అని మర్యాదగా అడగండి. అడిగేవారు పెరిగితే నియమించేవారూ పెరుగుతారు. మీ ప్రజాప్రతినిధి ఆసుపత్రికి కొత్త యంత్రం ప్రారంభించడానికి వచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న అడగండి.

ఆ అమ్మాయి విషయం చెప్పి ముగిస్తాను. పాత ఆసుపత్రి పరిచయంతో అనుమతి తీసుకొని, ఆమెనూ తండ్రినీ ఒక ఉదయం ఐసీయూకు తీసుకువెళ్లాను. కట్లపాము కాటుతో ఆరు రోజులు యంత్రం మీద ఉన్న ఒక కూలీకి ఆ రోజు గొట్టం తీశారు. పక్కన నిలబడి తీయించినది పాతికేళ్లయినా నిండని ఒక శ్వాస చికిత్సకురాలు. ఆమె "దగ్గండి పెద్దయ్యా, ఇంకొకసారి గట్టిగా దగ్గండి" అంటుంటే అతడు దగ్గాడు, తరువాత బొంగురు గొంతుతో మంచినీళ్లు అడిగాడు. "ఇప్పుడే వద్దు, కాసేపు ఆగాలి" అని తడిగుడ్డతో పెదవులు తుడిచిందామె. తిరిగి వచ్చేటప్పుడు కారులో మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగుతూ మాత్రం, "తాతగారూ, ఆ అక్క ఏ కాలేజీలో చదివారో కనుక్కుంటారా?" అంది.

కనుక్కున్నాను. కౌన్సెలింగ్ ఇంకా జరగలేదు. నా ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకొని తండ్రీకూతుళ్లు ఇప్పుడు కాలేజీలు చూస్తున్నారు.